నిన్న మేడ మీద పగిలిన వేప మొద్దు గారికి

మహారాజశ్రీ వేప మొద్దు గారికి,

ఉభయకుశలోపరి. అలవాటు కొద్దీ రాశాను లెండి. నిన్న మధ్యాహ్నం మూడింటికి మీరు అంచు నుంచి అడుగు దాకా పగిలిపోయారు, నా పరిస్థితీ అంతంతే.

ఈ నెల మొదట్లో గాలిదుమారానికి మా వీధి చివర మీరు కూలినప్పుడు, కొమ్మలు కొట్టేవాళ్లను బతిమాలి, పాతిక కిలోల మిమ్మల్ని గిన్నెగా చెక్కుదామని స్కూటీ ముందు కూర్చోబెట్టుకుని తెచ్చుకున్నాను. నడిబొడ్డున దవ్వ, అంటే ఆ మెత్తటి మధ్యభాగం, ఉంటే పగుళ్లు అక్కడి నుంచే మొదలవుతాయి, దాని మీదుగా నిలువునా చీల్చితేనే గిన్నెకి పనికొస్తారు. సరే అని కోత మిల్లుకి పట్టుకెళ్తే "రేపు రా అన్నా" అన్నాడు. నాలుగు రేపులు తిరిగాను. (హైదరాబాద్‌లో రేపు అంటే ఏంటో మీకు వేరే చెప్పాలా, మీరూ ఇక్కడే పుట్టారు.) ఈలోగా ఎండిపోతారేమోనని మీ రెండు కొనలకూ కొవ్వొత్తులు కరిగించి మైనం పూశాను, ఎందుకంటే మీ ఒంట్లో నీళ్లు పక్కల నుంచి కంటే కొనల నుంచి ఎన్నో రెట్లు వేగంగా పారిపోతాయి. ఆ రాత్రే కరెంటు పోయింది. ఇంట్లో ఒక్క కొవ్వొత్తి లేదు. తిట్లు నాకు.

లేత్ (చెక్కను గిర్రున తిప్పుతూ చెక్కే యంత్రం) ఎక్కించాక మీ పొట్టు నోట్లో పడి రెండు రోజులు టీ కూడా చేదే. పది అంగుళాల గిన్నెకి అంగుళం మందం వదిలాను, ఆరేకొద్దీ మీరు కోలగా అవుతారు కాబట్టి మళ్లీ గుండ్రం చేసుకోవడానికి. మీ పొట్టులోనే మిమ్మల్ని పొదిగి, కాగితం సంచిలో పెట్టి, "1 కిలో 640 గ్రాములు" అని తేదీతో సహా రాసి అటకెక్కించాను. తూకం తగ్గడం ఆగేదాకా ముట్టుకోకూడదు, నెలలు పట్టినా సరే.

నిన్న పొద్దున అమ్మ వడియాలు పెట్టడానికి మేడ ఎక్కుతూ, పాపం వీడి గిన్నె కూడా ఆరుతుంది కదా అని, మిమ్మల్ని సంచిలోంచి తీసి, పొట్టు దులిపి మరీ, వడియాల పక్కన బోర్లించింది. 42 డిగ్రీల ఎండ. వడియాలు మాత్రం బ్రహ్మాండంగా ఎండాయి.

అమ్మనేమంటాం. మిమ్మల్నే అడుగుతున్నాను. నేను స్కూలుకెళ్లే రోజుల నుంచి అదే ట్రాన్స్‌ఫార్మర్ పక్కన, అదే ఎండలో, నెత్తిన తువ్వాలైనా లేకుండా నిలబడ్డారే, అప్పుడు రాని పగులు ఒక్క పూటకి వచ్చిందా? ఎన్ని మే నెలలు చూశావు నువ్వు! పైగా నీ కింద నీడకి మేము నిలబడేవాళ్లం! తెలుసు, అప్పుడు నీ వేళ్లు నీళ్లు తోడి పోసేవి, ఇప్పుడు పోసేవాళ్లు లేరు. వలయాల వెంబడి ఎంత కుంచించుకుపోతావో, నడుమ నుంచి బయటికి అందులో ఇంచుమించు సగమే కుంచించుకుపోతావు, ఆ రెండిటికీ పొత్తు కుదరక చీలతావు, అదీ తెలుసు. ఇవన్నీ తెలిసిన వెధవని కాబట్టే ఇంకా మంటగా ఉంది. ఒక్క పూట ఆగలేకపోయావా, నేను బాత్రూమ్‌లో ఉన్నానో బజార్లో ఉన్నానో, వచ్చేదాకా?

ఏటికొప్పాకలో అంకుడు కర్ర చూడు, లేత్ మీద బుద్ధిగా తిరిగి, లక్క పూయించుకుని, బొమ్మై కూర్చుంటుంది.

కింద ఫ్లాట్ అంకుల్ వచ్చి ఫెవికాల్ పెట్టమన్నాడు. అమ్మేమో "గిన్నె కావాలంటే బేగంబజార్‌లో స్టీలుది తెచ్చుకోరాదురా" అంది. ఇద్దరికీ తలూపాను.

నీ రెండో సగం ఉంది కదా, దవ్వ తీసేసి, మైనం పూసి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి నా మంచం కింద దాచాను. వచ్చే ఆదివారం లేత్ ఎక్కుతుంది. అమ్మకి చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

ఇట్లు,
నోట్లో ఇంకా చేదు పోని నీ వీధి వాడు