వేరే డిగ్రీతో వచ్చి నర్సయ్యేవాళ్ల దారి మూయకండి

అమెరికాలో మతశాస్త్రం చదివితే అది వృత్తి విద్య (ప్రొఫెషనల్ డిగ్రీ). వెన్నెముకను చేత్తో సర్దే కైరోప్రాక్టిక్ చదివినా వృత్తి విద్యే. నర్సింగ్‌లో మాస్టర్స్ చేస్తే మాత్రం కాదు. 2025 నవంబరులో ఫెడరల్ విద్యాశాఖ కమిటీ ఒప్పుకున్న నిర్వచనంలో ఉన్నది ఇదే. గౌరవం తగ్గిందన్న బాధతో ఇది రాయడం లేదు. దీని వెనక డబ్బు లెక్క ఉంది. ఆ ఏడాదే వచ్చిన కొత్త చట్టం ప్రకారం 2026 జులై 1 నుంచి వృత్తి విద్య జాబితాలో ఉన్న కోర్సుకు ఏడాదికి 50 వేల డాలర్లు, మొత్తం మీద 2 లక్షల డాలర్ల దాకా ఫెడరల్ అప్పు పుడుతుంది. జాబితాలో లేని మాస్టర్స్‌కు ఏడాదికి 20,500 డాలర్లు, అన్నీ కలిపి లక్ష. ఇంతకాలం తక్కువ పడిన చోట ఆదుకున్న గ్రాడ్ ప్లస్ అప్పు కొత్తగా చేరేవాళ్లకు ఇక లేదు.

ఇప్పటికే నర్సుగా పనిచేస్తూ పార్ట్ టైంలో మాస్టర్స్ చేసేవాళ్లు ఎలాగోలా నెట్టుకొస్తారు, చేతిలో జీతం ఉంటుంది కాబట్టి. అసలు దెబ్బ తగిలేది ఇంకొకరికి. ఇంగ్లిష్ సాహిత్యమో, అకౌంటింగో, సైకాలజీయో డిగ్రీ చేసి, కొన్నేళ్లు ఇంకేదో ఉద్యోగం చేసి, ముప్పై దాటాక నర్సు కావాలని నిర్ణయించుకున్నవాళ్లకు. డైరెక్ట్ ఎంట్రీ మాస్టర్స్ ఉన్నదే వాళ్ల కోసం. డిగ్రీ ఏ సబ్జెక్టులో ఉన్నా పర్వాలేదు. అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్ లాంటి కోర్సులు ముందే పూర్తిచేసి చేరాలి. ఏడాదింబావు నుంచి రెండేళ్ల చదువు అయ్యాక ఎన్‌క్లెక్స్ అనే లైసెన్స్ పరీక్ష పాసయితే రిజిస్టర్డ్ నర్సు. అదే దారిలో, మందులు రాసే నర్స్ ప్రాక్టీషనర్ దాకా వెళ్లే కోర్సు అయితే మూడేళ్లు. పగలు క్లాసులు, వారంలో కొన్ని రోజులు ఆసుపత్రి డ్యూటీలు. ఉద్యోగం చేసుకుంటూ చదివే వీలు దాదాపు ఉండదు. కొన్ని ప్రైవేటు యూనివర్సిటీల్లో ఖర్చు లక్ష డాలర్లు దాటుతుంది. ఖర్చు అంత, అప్పు ఏడాదికి 20,500. మిగతాది పెట్టుకోగలిగిన ఇంటివాళ్లే ఇక నర్సులవుతారు.

ఒక రాత్రి సంగతి చెప్పాలి. మా నాన్నగారికి ఇక్కడే, అమెరికాలోనే, తుంటి కీలు మార్పిడి ఆపరేషన్ అయింది. నొప్పికి మార్ఫిన్ పంపు పెట్టారు, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. రాత్రి రెండు గంటలవేళ నైట్ డ్యూటీ నర్సు వచ్చారు. మానిటర్ మీద ఆక్సిజన్ 97 కనబడుతోంది. నాన్నగారు ఇప్పటికి హాయిగా పడుకున్నారని నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆవిడ మానిటర్ వంక ఒక్కసారే చూశారు. దుప్పటి కొంచెం కిందికి లాగి, ఆయన ఛాతీ మీద చూపు నిలిపి, చేతి గడియారం పైకెత్తి పట్టుకుని అలాగే నిలబడ్డారు. నిండు నిమిషం. తర్వాత "ఎనిమిది" అన్నారు. వెంటనే భుజం గట్టిగా తట్టి పేరు పెట్టి పిలిచారు. మంచం తలవైపు ఎత్తారు, పంపు ఆపారు, డాక్టరుకు ఫోన్ చేశారు. నా మొహంలో టెన్షన్ చూసి, పని అయ్యాక నెమ్మదిగా చెప్పారు. ఆక్సిజన్ గొట్టం పెట్టిన మనిషికి మార్ఫిన్ వల్ల ఊపిరి మందగించినా ఆ అంకె చాలాసేపు బాగానే ఉంటుందట. లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతున్నా ఆ అంకెలో తెలియదట. అందుకే ఊపిరిని కళ్లతో లెక్కపెట్టాలి, అదీ నిమిషం మొత్తం.

డిశ్చార్జి రోజు మళ్లీ ఆవిడే ఉన్నారు. రక్తం గడ్డకట్టకుండా ఇంటి దగ్గర చేసుకోవాల్సిన ఇంజెక్షన్ గురించి నాన్నగారికి చెప్పారు. ఆయన అర్థమైందన్నట్టు తలూపారు. ఆవిడ వదల్లేదు. "ఇప్పుడు మీరు నాకు నేర్పండి" అన్నారు. నాన్నగారు సూది ఎక్కడ గుచ్చాలో సరిగ్గానే చెప్పి, గుచ్చిన చోట రుద్దుతానన్నారు. రుద్దకూడదు, రక్తం కమిలిపోతుంది. అక్కడ ఆపి, వేరే మాటల్లో మళ్లీ చెప్పి, మళ్లీ చెప్పించుకున్నారు. మీకు ఓపిక ఎక్కువ అన్నాను. నర్సింగ్‌కు రాకముందు ఆరేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పారట. తలూపిన పిల్లాడికి పాఠం వచ్చేసిందని నమ్మకూడదని అక్కడే తెలిసిందట. డైరెక్ట్ ఎంట్రీ మాస్టర్స్‌తో నర్సయిన మనిషి ఆవిడ.

ఊపిరి లెక్కపెట్టడం ఆవిడకు నర్సింగ్ స్కూలు నేర్పింది. తలూపితే నమ్మకపోవడం లెక్కల క్లాసు నేర్పింది. ఈ రెండోది ఏ ల్యాబులోనూ దొరకదు. నా వాదనంతా దీని మీదే నిలబడి ఉంది: ముందు చదివిన డిగ్రీ, ముందు చేసిన ఉద్యోగం నర్సు చేతిలో పనికొచ్చే సరుకు. అకౌంట్స్ చూసిన మనిషికి మందుల చీటీలో మోతాదు తేడా చటుక్కున కంటబడుతుంది. హోటల్లో పనిచేసి వచ్చినవాళ్లకు ఒకేసారి ఆరు గదుల బెల్లులు మోగితే ముందు ఎటు పరుగెత్తాలో చేతికి అలవాటై ఉంటుంది. సాహిత్యం చదివినవాళ్లు రోగి చెప్పిన మాటలోనే కాదు, చెప్పకుండా దాటేసిన చోట కూడా ఆగుతారు. పద్దెనిమిదేళ్లకే నర్సింగ్‌లో చేరిన పిల్లలు తక్కువని అనను. వాళ్లు లేకపోతే ఒక్క వార్డు కూడా నడవదు. కానీ అందరూ ఒకే తలుపులోంచి వచ్చిన వార్డుకు ఒకే రకం కళ్లు ఉంటాయి.

డాక్టర్ల విషయంలో ఈ సంగతి అమెరికా ఎప్పుడో ఒప్పుకుంది. మెడికల్ స్కూలుకు ముందు ఒక డిగ్రీ కావాలి. అది సంగీతమైనా, చరిత్రైనా అభ్యంతరం లేదు. అవసరమైన సైన్సు కోర్సులు చేసి ఎంక్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే చాలు. లా స్కూలుకైతే ఆ సైన్సు షరతు కూడా లేదు. చరిత్ర చదివి డాక్టరయిన మనిషిని చూసి ఎంత విస్తృతమైన చదువో అని మెచ్చుకుంటారు. అదే చరిత్ర చదివి నర్సయితే, మరి ఆ చదువంతా ఏం చేసుకున్నట్టు అని ఇంట్లోవాళ్లే అడుగుతారు.

ఇది నిన్నగాక మొన్న పుట్టిన ఆలోచన కూడా కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో నర్సులు చాలకపోతే 1918 వేసవిలో న్యూయార్క్ రాష్ట్రంలోని వాసర్ కాలేజీలో 12 వారాల శిబిరం పెట్టారు. చేరాలంటే డిగ్రీ పాసై ఉండాలి, ఏ సబ్జెక్టయినా సరే. వంద పైచిలుకు కాలేజీల నుంచి నాలుగు వందల మందికి పైగా వచ్చారు. బ్యాక్టీరియాలజీ, కెమిస్ట్రీ, పోషకాహారం అన్నీ ఆ మూడు నెలల్లో చదివి ఆసుపత్రులకు వెళ్లారు. మామూలుగా మూడేళ్లు పట్టే శిక్షణ వాళ్లకు రెండేళ్ల చిల్లరలో ముగిసింది. ఆ శిబిరానికి వచ్చినవాళ్లలో క్యాథరిన్ డెన్స్‌ఫర్డ్ ఒకరు. అప్పటికే చరిత్రలో ఎం.ఏ. చేసి, స్కూల్లో పాఠాలు చెబుతున్న మనిషి. తర్వాత 1930 నుంచి 1959 దాకా మిన్నెసోటా యూనివర్సిటీ నర్సింగ్ స్కూలును ఆవిడే నడిపారు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో అమెరికన్ నర్సెస్ అసోసియేషన్ అధ్యక్షురాలు కూడా ఆవిడే. పాఠాలు చెప్పే మనిషిని నువ్వు నర్సు చదువుకు పనికిరావు పో అని 1918లో పంపేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. యేల్ యూనివర్సిటీ 1934 నుంచి నర్సింగ్‌లో చేరాలంటే ముందు డిగ్రీ ఉండి తీరాలంది. 1950లలో ఆ కోర్సు ఆపేసింది. 1974లో నర్సులు కాని పట్టభద్రుల కోసం మూడేళ్ల మాస్టర్స్‌తో మళ్లీ తలుపు తెరిచింది.

సరే, మాస్టర్సే ఎందుకు, యాక్సెలరేటెడ్ బి.ఎస్.ఎన్. (వేరే డిగ్రీ ఉన్నవాళ్లు త్వరగా పూర్తిచేసే నర్సింగ్ బ్యాచిలర్స్) ఉంది కదా అంటారు. ఉంది. సెయింట్ లూయిస్ యూనివర్సిటీ 1971లోనే మొదలుపెట్టింది, మంచి కోర్సు, చాలామందికి అదే సరిపోతుంది. రాసేది అదే ఎన్‌క్లెక్స్, దొరికే మొదటి ఉద్యోగమూ అదే. అయితే రెండోసారి బ్యాచిలర్స్ చేస్తే పెల్ గ్రాంట్ అనే ప్రభుత్వ సాయం రాదు, ఒక డిగ్రీ ఉన్నవాళ్లకు అది ఇవ్వరు. అండర్ గ్రాడ్యుయేట్ అప్పుల పరిమితిలో చాలామందికి కొంత మొదటి డిగ్రీకే అయిపోయి ఉంటుంది. దానికన్నా పెద్ద విషయం ఇంకొకటి ఉంది. నర్సింగ్ కాలేజీలో పాఠం చెప్పాలంటే సాధారణంగా మాస్టర్స్ ఉండాలి. 2023లో అమెరికా నర్సింగ్ స్కూళ్లు అర్హత ఉన్న దరఖాస్తులనే 65 వేలకు పైగా తిప్పి పంపాయి. చెప్పే టీచర్లు చాలరు, క్లినికల్ శిక్షణకు చోటు చాలదు, డబ్బు చాలదు. నర్సుల కొరత అని అందరూ అంటారు గానీ, ముందున్నది నర్సులను తయారుచేసేవాళ్ల కొరత. ముప్పై ఏళ్ల వయసులో మాస్టర్స్‌తో వృత్తిలోకి వచ్చిన ఒక మాజీ టీచరు, అయిదారేళ్లు వార్డులో పనిచేసి క్లాసురూంలోకి వెళ్లగలదు. అందుకు మళ్లీ ఇంకో డిగ్రీ కోసం వెనక్కి వెళ్లనక్కర్లేదు.

వార్డుల్లో ఏళ్లుగా పనిచేస్తున్న నర్సులు చెప్పే అభ్యంతరం ఒకటుంది, దాన్ని కొట్టిపారేయలేను. ఒక్క రోజు కూడా నర్సుగా పనిచేయకుండా నేరుగా నర్స్ ప్రాక్టీషనర్ అయిపోయి మందులు రాయడం ఏమిటని వాళ్లు అడుగుతారు. ఇన్ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికి తెచ్చే సెప్సిస్ గురించి పుస్తకంలో చదవడం వేరు, రోగి మొహం చూసి ఏదో తేడాగా ఉందని పసిగట్టడం వేరు. నిజం. ఆ కోర్సులో లైసెన్స్ వచ్చాక కనీసం రెండేళ్లు మంచం పక్కన పనిచేయాలని షరతు పెడితే నేను సమర్థిస్తాను. కానీ ఆ అభ్యంతరం పై మెట్టు మీద. మొదటి మెట్టు ఎక్కి మామూలు నర్సుగా డ్యూటీ చేయడానికి వచ్చేవాళ్లకు అది వర్తించదు. నాలుగేళ్ల బి.ఎస్.ఎన్. చేసిన పిల్ల కూడా మొదటి రోజు కొత్తదే.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మాత్రం వేరే. నర్సు అనగానే మన నోట వచ్చే మొదటి మాట సేవ. సేవాభావం, త్యాగం, ఓర్పు. అన్నీ మంచి మాటలే, ప్రేమతోనే అంటాం. కానీ ఆ మాటలన్నీ మనసుకు సంబంధించినవి, ఒక్కటీ బుర్రకు సంబంధించింది కాదు. ఆ రాత్రి మా నాన్నగారిని కాపాడింది జాలి కాదు. ఆవిడ 97 అన్న అంకెను నమ్మలేదు. ఎందుకు నమ్మకూడదో ఆవిడకు తెలుసు. దాన్ని విజ్ఞానం అనాలి, నిర్ణయం అనాలి. సేవ అన్నప్పుడు పక్కనే ఇంకో అర్థం కూడా వచ్చి కూర్చుంటుంది: చేసేవాళ్లు ప్రతిఫలం అడగకూడదు. 2020లో న్యూయార్క్‌లో జనం రోజూ సాయంత్రం ఏడింటికి కిటికీల్లో నిలబడి చప్పట్లు కొట్టారు. వాళ్ల మనసులో నిజంగానే కృతజ్ఞత ఉంది. అయిదేళ్లు తిరిగాయి, వృత్తి విద్య జాబితా రాసే సమయం వచ్చింది, అందులో నర్సు లేదు.

నాన్నగారి ఆసుపత్రి బిల్లు ఇంకా నా దగ్గరే ఉంది. సర్జన్‌కు ఒక పద్దు. మత్తు డాక్టరుకు ఒక పద్దు. ఎక్స్‌రేకు, ఫిజియోథెరపీకి, కీలుకు, ఒక్కో మాత్రకు కూడా పద్దు ఉంది. నర్సుకు లేదు. ఇక్కడి ఆసుపత్రి బిల్లుల్లో నర్సు పని విడిగా రాయరు, గది ఖర్చులో కలిపేస్తారు. మంచం, దుప్పటి, కరెంటు, భోజనం, వాటితో పాటు ఊపిరి లెక్కపెట్టిన మనిషి. ఖర్చు తగ్గించుకోవాల్సి వచ్చినప్పుడు ఆసుపత్రి యాజమాన్యం కత్తెర ఎటు పెడుతుందో దీన్నిబట్టే అర్థమవుతుంది. డాక్టరు వస్తే ఆదాయం పెరుగుతుంది, నర్సును పెడితే ఖర్చు పెరుగుతుంది, పద్దుల పుస్తకం అలాగే చెబుతుంది. నర్సు చదువు వృత్తి విద్య కాదన్న కమిటీ ఈ పుస్తకం భాషలోనే ఆలోచించింది.

కాబట్టి అడగాల్సింది కూడా లెక్కల భాషలోనే అడగాలి. లైసెన్స్ లేకుండా చేయకూడని పనికి తయారుచేసే చదువు వృత్తి విద్య అవుతుంది. డైరెక్ట్ ఎంట్రీ మాస్టర్స్ అచ్చంగా అలాంటిదే, దాన్ని జాబితాలో చేర్చాలి. అప్పు మునిగిపోతుందన్న భయమూ అక్కర్లేదు. 2023 మే నాటి ప్రభుత్వ లెక్కల్లో రిజిస్టర్డ్ నర్సు మధ్యస్థ జీతం ఏడాదికి 86,070 డాలర్లు, పైగా ఉద్యోగం కోసం వెతుక్కోవాల్సిన పని లేదు. యూనివర్సిటీలను కూడా ఊరికే వదలకూడదు. క్లినికల్ డ్యూటీల్లో విద్యార్థికి పక్కనుండి నేర్పేది ఆసుపత్రి నర్సులే. చాలాచోట్ల ఆ పనికి వాళ్లకు అదనంగా ఒక్క డాలరు కూడా ముట్టదు. లక్ష డాలర్లు వసూలు చేసే కోర్సు, అందులో ఎంత భాగం ఆ నర్సుల చేతికి వెళుతోందో ప్రాస్పెక్టస్‌లో రాసి చూపించాలి.