కార్తీకంలో తెగిన చెరువు

ఆషాఢంలో చెరువుకు గండి పడితే రైతు గుండె గుభేలుమంటుంది గానీ ఆశ పోదు. శ్రావణ, భాద్రపదాల వానలు ఇంకా ముందున్నాయి, గండి పూడిస్తే చెరువు మళ్లీ నిండుతుంది. అదే గండి కార్తీకంలో పడితే ఆ ఏటికి ఇక అంతే. హైదరాబాద్‌కు చేరే నష్టం అంచనాల్లో ఈ తేడా ఎక్కడా కనిపించదు.

2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం తుఫాను ఖమ్మం, భద్రాద్రి జిల్లాల్లో వరిని దెబ్బతీసింది. 2025 అక్టోబరు 28 రాత్రి తీరం దాటిన మొంథా తుఫాను వరంగల్, హనుమకొండలను ముంచింది. చలి మొదలయ్యే వేళ వచ్చే వరదను అనుకోని విపత్తు అని ఇంకెన్నాళ్లంటాం?

తడిసిన ధాన్యం గోడు అందరికీ తెలిసిందే. టార్పాలిన్ ఎత్తి కుప్పలో చేయి పెడితే వేడి తగులుతుంది, వేళ్లకు తెల్లటి మొలకలు అంటుకుంటాయి. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో కాంటా పడదు. మంత్రులు వస్తారు, ఫొటోలు దిగుతారు. సరే, కనీసం అక్కడికైనా వస్తారు. చెరువు చేపల మీద బతికే ముదిరాజ్, గంగపుత్రుల దగ్గరికి వచ్చేదెవరు? వానాకాలంలో వదిలిన రవ్వ, బొచ్చె చేప పిల్లలు చేతికొచ్చేది సంక్రాంతి దాటాకే. చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకితే ఊరంతా సెల్ఫీలకు ఎగబడుతుంది, మత్స్యకార సంఘానికి మాత్రం టెన్షన్. చేప వాగులోకి పోకుండా వాళ్లు మత్తడికి జాలీలు కడతారు. వాటికి చెత్త, గుర్రపుడెక్క పట్టుకుంటే నీళ్లు ఎగదన్ని కట్టకే ముప్పు అని ఇంజనీర్లు తీయించేస్తారు. ఇద్దరి మాటా నిజమే. కేంద్రం 2022–26కు పెట్టిన విపత్తు సాయం నిబంధనల్లో పూర్తిగా పాడైన వలకు 4,000 రూపాయలు, పడవకు 15,000 అని ఉంది. వాగు పాలైన చేపను ఏ పద్దులో రాయాలో తహసీల్దారుకూ తెలియదు.

పొలానిదీ అదే కథ. ఆ నిబంధనల ప్రకారమే పంట 33 శాతం, అంతకు మించి పోతే నీటి వసతి ఉన్న భూమికి హెక్టారుకు 17,000 ఇస్తారు, అదీ 2 హెక్టార్ల వరకే. అది చేలో ఉన్న పంటకు. చెరువు ఖాళీ అయి, వేయనే లేకపోయిన యాసంగి (రబీ) పంటకు ఆ పట్టికలో గడి లేదు.

1908 సెప్టెంబరులో ఎగువన రెండు వందలకు పైగా చెరువులు తెగి మూసీ హైదరాబాద్‌ను ముంచింది. ఆ దెబ్బతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. పల్లె చెరువుకు మాత్రం ఎండాకాలం టెండరే దిక్కు. తుఫాను వెలిశాక కూడా వాగు కొన్నాళ్లు సన్నగా పారుతుంది. గండి చుట్టూ పది రోజుల్లో రింగ్ బండ్ (తాత్కాలిక మట్టికట్ట) వేస్తే ఆ నీళ్లైనా నిలుస్తాయి, సగం ఆయకట్టుకైనా నారు పోసుకోవచ్చు. ఫైలు హైదరాబాద్‌లోని నీటిపారుదల శాఖ కార్యాలయం జలసౌధకు వచ్చి వెళ్లేలోపు వాగు ఎండిపోతుంది. కాబట్టి ఆ పనికి డబ్బు, అధికారం ముందే, వానాకాలం మొదట్లోనే కలెక్టర్ల చేతిలో పెట్టాలని మేం కోరుతున్నాం. వేయలేకపోయిన పంటకు, కొట్టుకుపోయిన చేపకు సాయం విషయంలో కేంద్రం నిబంధనలు మార్చేదాకా ఆగనక్కర్లేదు. రాష్ట్రం తన ఖజానా నుంచి ఇస్తానంటే అడ్డుపడేవారెవరూ లేరు.