చత్వారం వచ్చిన స్మార్ట్‌ఫోను

నవంబరు వచ్చిందంటే మా ఇంట్లో కార్తిక దీపాలతో పాటు బయటికి వచ్చేది మా నాన్నగారి పింఛను ఫైలు. ఆయన తపాలా శాఖలో పోస్టుమాస్టరుగా చేసి రిటైరయ్యారు. తాను బతికే ఉన్నానని ఏటా ఒకసారి ప్రభుత్వానికి చెప్పుకోవాలి, లేకపోతే పింఛను ఆగుతుంది. ఎనభై దాటినవాళ్ళు అక్టోబరు 1 నుంచే చెప్పుకోవచ్చు గానీ, ఆయనకు ఇంకా డెబ్బై ఎనిమిదే. "నేనింకా కుర్రవాళ్ళ జాబితాలోనే ఉన్నాను" అంటారు.

మొదటి వారంలో ఒక ఉదయం ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిసంచీలో ఫైలు పెట్టుకుని, "బ్యాంకుకు వెళ్దాం, బండి తీయరా" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. "ఇంకా బ్యాంకేమిటి నాన్నా! 2014లోనే జీవన్ ప్రమాణ్ అని డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ వచ్చింది. 2021 నుంచి వేలిముద్రల యంత్రం కూడా అక్కర్లేదు, ఫోనుకు ముఖం చూపిస్తే చాలు. అలా కూర్చోండి. మీరు బతికున్నారని అయిదు నిమిషాల్లో తేల్చేస్తాను" అన్నాను. సాక్షులు లేని చోట అనవలసిన మాట. కానీ వంటింట్లో మా ఆవిడ ఉంది.

నా ధీమాకు కారణం లేకపోలేదు. 1995 ఆగస్టు 15న మన దేశంలో జనానికి ఇంటర్నెట్ అందేనాటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. వయసులో నాకంటే చిన్నది కాబట్టి అది నా చెప్పుచేతల్లో ఉంటుందని నా నమ్మకం. మా నాన్నగారంటారా, టెలిగ్రాముల కాలం మనిషి. 2013 జులైలో టెలిగ్రాము ఆగిపోయింది గానీ ఆయన వాట్సాప్‌లో మాత్రం నడుస్తూనే ఉంది. "చేరితిని. క్షేమం." అంతే. మూడో మాటకు డబ్బు పడుతుందేమో అన్నట్టు రాస్తారు.

ఫోనులో కావలసినవన్నీ దించుకున్నాను. తీరా చూస్తే పింఛనుదారు కంటే ముందు ఆ ఫోను పట్టుకున్నవాడి సంగతి తేలాలట. నా ఆధార్ నంబరు కొట్టాను. ఓటీపీ వచ్చింది. ఆరు అంకెలు. నా కంటికి ఆరు చీమలు. మూడో, ఎనిమిదో తెలియడం లేదు. చెయ్యి చాచాను. ఇంకా చాచాను. చత్వారానికి మందు చెయ్యి పొడవే గానీ, దేవుడు దాన్ని మణికట్టు దగ్గర ఆపేశాడు. ఎనిమిదే అనుకుని కొట్టాను. కాదంది.

"నా కళ్ళజోడేదీ?" అని కేకేశాను.

"నెత్తిమీద ఉందండీ" అంది మా ఆవిడ వంటింట్లోంచి, తిరిగి చూడకుండానే.

రెండోసారి ఓటీపీ కుదిరింది. ఇప్పుడు నా ముఖం చూపించాలి. కళ్ళజోడు అద్దాల్లో ట్యూబులైటు మెరుస్తోందని దాన్ని తీసేశాను. తీస్తే ఫోను ఏమంటోందో కనబడదు. పెట్టుకుంటే నా కళ్ళు దానికి కనబడవు. మా ఇద్దరిలో ఒకరు గుడ్డివాళ్ళం కాక తప్పలేదు.

నాన్నగారు వెనకనుంచి తొంగిచూశారు. నిరుడు శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న కళ్ళు, ఇప్పుడు పంచాంగం కూడా చదివేస్తున్నాయి.

"రెప్ప వేయమంటోందిరా."

"వేస్తూనే ఉన్నాను నాన్నా."

"అది వేయడం కాదు, చికిలించడం."

గరిటెతో వచ్చిన మా ఆవిడ నన్ను కాసేపు పరీక్షగా చూసి, "కంట్లో నలక పడిందా?" అని అడిగింది. ఆ కంగారులో రెప్ప పడినట్టుంది, ఫోను ఒప్పుకుంది.

హమ్మయ్య అనుకునేలోపు చక్రం తిరగడం మొదలుపెట్టింది. తిరుగుతూనే ఉంది. సంగతేమిటంటే, రాత్రి పన్నెండు దాటగానే నా ఖాతాలో ఆ రోజు 1.5 జీబీ డేటా పడుతుంది. రెండింటికల్లా దాన్ని తివాచీలకు ఖర్చుపెట్టాను. ఎవరిదో మట్టిగొట్టుకుపోయిన తివాచీ, ఎవరో సబ్బునీళ్ళు పోసి ఉతుకుతుంటారు, నల్లనీళ్ళు కారుతుంటాయి, అడుగునుంచి గులాబీపూలు బయటపడతాయి. ఒకటి చూసి నిద్రపోయే మనిషి ఉంటాడని నేను నమ్మను.

"డేటా అయిపోయిందా?" అన్నారు నాన్నగారు. "హాట్‌స్పాట్ ఆన్ చేశాను, కలుపుకో."

నేను నోరు తెరిచాను. "పాస్‌వర్డు?"

"నీ పుట్టిన తేదీ. ఎనిమిది అంకెలూ కొట్టు."

కొట్టాను. ఈసారి మూడు మూడులాగే కనబడింది. "ఇక మీ పింఛను ఉత్తర్వు నంబరు, అదే పీపీఓ నంబరు, చెప్పండి" అన్నాను ఫైలు తెరుస్తూ.

"నాది ఒకటో తారీఖునే అయిపోయిందిరా. పొద్దున పార్కులో చేసుకున్నాను."

"మరి ఇంతసేపూ చెప్పలేదేం?"

"ముచ్చటపడుతున్నావు కదా అని."

"అలాంటప్పుడు బ్యాంకెందుకు నాన్నా?"

"మిగతావాళ్ళు వస్తారు కదా" అని చెప్పులు వేసుకున్నారు.

బండి తీశాను. బ్యాంకులో బెంచీల నిండా తెల్లజుట్టే. మా నాన్నగారిని చూడగానే ముగ్గురు లేచి చోటిచ్చారు. వాళ్ళలో ఒకాయన వేళ్ళమీద గీతలు అరిగిపోయి యంత్రానికి అందడం లేదట. నాన్నగారు ఫోను తీసి ఆయన ముఖానికి ఎదురుగా పట్టుకుని, "రెప్ప వేయి. చికిలించకు, మావాడిలా" అన్నారు. బెంచీలన్నీ తిరిగి నావైపు చూశాయి.

నేను తప్పుకుని కౌంటరు దగ్గర నిలబడి, కళ్ళజోడు కోసం జేబులు తడుముకుంటున్నాను. లోపలున్న అమ్మాయి తలెత్తి నా నెత్తివైపు ఒకసారి చూసింది.

"మీరు కూడా లైఫ్ సర్టిఫికెట్‌కేనా అంకుల్? అదిగో, ఆ తాతగారి దగ్గరికి వెళ్ళండి. ఫోనులో చేసిపెడుతున్నారు."