డైనింగ్ రూమ్ గోడకి ఒక్క బైబిల్ వాక్యం చాలు, అది తెలుగులో పెట్టుకోండి

అందరికీ వందనాలు. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిక ఉన్నవాళ్ళు చివరిదాకా చదవండి. ఈమధ్య మా చర్చి సంఘంలో కొత్తగా ఫ్లాట్లు కొనుక్కున్న పిల్లలు నన్ను ఒకటే అడుగుతున్నారు, ఆంటీ డైనింగ్ టేబుల్ దగ్గర గోడ ఖాళీగా ఉంది, క్రిస్టియన్‌ది ఏదైనా సింపుల్‌గా మినిమలిస్ట్‌గా పెట్టాలనుకుంటున్నాం, ఏం పెట్టమంటారు అని. అడిగి ఫోన్ తీసి స్క్రీన్‌షాట్లు చూపిస్తారు. అన్నీ ఒకేలా ఉంటాయి. లేత గోధుమరంగు కాగితం, మధ్యలో సన్నటి గీతతో సిలువ, లేకపోతే ఒక ఆలివ్ కొమ్మ, కింద మెలికలు తిరిగిన ఇంగ్లీషు అక్షరాల్లో గ్రేస్ అనో బ్లెస్డ్ అనో గివ్ థాంక్స్ అనో ఒక మాట. చూడ్డానికి బాగానే ఉంటాయి, నేను కాదనను. కానీ ఆ ఫ్రేము గుంటూరులో పెట్టినా టెక్సాస్‌లో పెట్టినా ఒకటే, ఆ ఇంట్లో ఎవరుంటారో ఏం ప్రార్థన చేసుకుంటారో ఏం తింటారో అందులో ఏమీ కనపడదు, నాకున్న బాధ అదే.

గోడ మీద తక్కువ ఉండాలి అన్న మాటతో మాత్రం నేను నూటికి నూరు శాతం ఒప్పుకుంటాను. మన ఫ్లాట్లలో డైనింగ్ అంటే ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా, ఒక పక్క ఫ్రిజ్, ఒక పక్క చేతులు కడుక్కునే వాష్ బేసిన్, దాని మీద అద్దం, ఇంకో పక్క క్రాకరీ షెల్ఫ్, ఆ పక్కనే వంటింటి గుమ్మం. మిగిలేది ఒక్క గోడ. గృహప్రతిష్ఠ కూడికకి వచ్చిన వాళ్ళంతా ప్రేమతో తలా ఒక ఫ్రేము తెస్తారు, ఎవరికీ బాధ కలగకూడదని అన్నీ ఆ ఒక్క గోడకే కొట్టేస్తాం, పైన లైట్లు వెలిగే సిలువ, దాని పక్కన వాగ్దాన క్యాలెండర్, కింద జనవరి ఒకటిన ఆ ఏడాదికి వాగ్దానంగా తీసుకున్న వాక్యం కార్డు సెల్లోటేప్‌తో. నాలుగు నెలలు పోయాక అందులో ఒక్క వాక్యం కూడా ఎవరూ చదవరు, కంటికి ఆనదు. దేవుని మాట గోడ మీద ఉండి కూడా ఎవరికీ కనపడకపోవడం నాకు చాలా నొప్పిగా ఉంటుంది. ఒక్కటే పెట్టండి. మిగతావి హాల్లో, బెడ్‌రూముల్లో, మెట్ల దగ్గర సర్దుకోవచ్చు.

బొమ్మా వాక్యమా అంటే అది మీ మీ సంఘాన్ని బట్టి. కథోలిక కుటుంబాల్లో సిలువ మీద క్రీస్తు రూపం, తిరుహృదయం పటం తరతరాలుగా ఉన్నాయి, వాళ్ళ ప్రార్థన వాటి ముందే జరుగుతుంది, అది తీసేసి గీతల సిలువ పెట్టుకోమని చెప్పే హక్కు నాకు లేదు. బ్రదరెన్ వాళ్ళు, చాలామంది పెంతెకొస్తు వాళ్ళు యేసుప్రభువు బొమ్మే పెట్టరు, నిర్గమకాండము 20వ అధ్యాయంలో విగ్రహం చేసుకోవద్దన్న ఆజ్ఞ చూపిస్తారు. వాళ్ళకి వాక్యమే దారి. మేం లూథరన్లం, మా పెద్దవాళ్ళ ఇళ్ళల్లో రెండూ ఉండేవి.

మనవాళ్ళ డైనింగ్ రూముల్లో ఎక్కువగా కనిపించేది చివరి రాత్రి భోజనం బొమ్మ, లియోనార్డో డావిన్చీది. దాని గురించి ఒక మాట చెప్పాలి. ఆయన దాన్ని 1495, 1498 మధ్య మిలాన్‌లో ఒక సన్యాసుల మఠంలో వేశాడు, అదీ భోజనశాల గోడ మీదే. దాదాపు 4.6 మీటర్ల ఎత్తు, 8.8 మీటర్ల వెడల్పు. అంటే సన్యాసులు రోజూ ఆ బల్లకి ఎదురుగా కూర్చుని మౌనంగా తినేవాళ్ళన్నమాట. ఆ తర్వాత 1652లో ఎవరో ఆ గోడకి తలుపు పెట్టించారు, బొమ్మలో ప్రభువు పాదాలు ఉన్న చోటు ఆ తలుపుకింద పోయింది. ఇప్పటికీ చూడొచ్చు, మధ్యలో కింద తలుపు ఆకారం ఉంటుంది. అంత గొప్ప బొమ్మ, అంత పెద్ద గోడ. దాన్ని రెండడుగుల మెరిసే ప్లాస్టిక్ మీద బంగారు రంగు పూసి అమ్ముతుంటే ఎవరి ముఖం ఎవరిదో తెలియదు. పైగా ఆయన ఎంచుకున్న క్షణం ఏంటో ఆలోచించండి, మీలో ఒకడు నన్ను అప్పగిస్తాడు అని ప్రభువు చెప్పిన క్షణం, శిష్యులందరూ ఉలిక్కిపడి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు, యూదా చేతిలో డబ్బు సంచి ఉంది. సన్యాసులకి అది రోజూ ఆత్మపరీక్ష. స్కూలుకి టైమైపోతోందని ఇడ్లీ తింటున్న పిల్లలకి రోజూ ఆ క్షణమే చూపించాలా? నాకైతే మనసు రాదు. మీ అమ్మమ్మగారి దగ్గర నుంచి వచ్చిన పటం అయితే తప్పకుండా ఉంచుకోండి, దాని విలువ వేరు. కొత్తగా కొనడానికి మాత్రం నేను చెప్పను. బల్ల దగ్గర బొమ్మే కావాలంటే ఎమ్మాయు ఇల్లు ఉంది, లూకా 24, తిరిగి లేచిన ప్రభువు రొట్టె విరవగానే ఇద్దరు శిష్యుల కళ్ళు తెరుచుకున్నాయి. భోజనం దగ్గరే ప్రభువుని గుర్తుపట్టారు. అంతకంటే డైనింగ్ రూముకి తగిన కథ ఇంకేం కావాలి?

ఇంకొక పటం చాలా పాస్టర్ గార్ల ఇళ్ళల్లో చూసే ఉంటారు. తెల్లగడ్డం పెద్దాయన రెండు చేతులు కలిపి నుదుటికి ఆనించుకుని ప్రార్థన చేస్తుంటాడు, ముందు ఒక రొట్టె, కత్తి, ఒక గిన్నె, లావుపాటి పుస్తకం మీద కళ్ళజోడు. అది అసలు ఫొటో, 1918లో అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో బోవీ అనే చిన్న ఊళ్ళో ఎరిక్ ఎన్‌స్ట్రామ్ అనే ఫొటోగ్రాఫర్ తీశాడు, 2002లో ఆ రాష్ట్రం దాన్ని తమ రాష్ట్ర ఫొటోగా ప్రకటించుకుంది. మినిమలిస్ట్ అనే మాట ఇళ్ళల్లోకి రాకముందే ఉన్న మినిమలిస్ట్ పటం నాకు అదే. ఒక మనిషి, ఒక రొట్టె, వెనక ఖాళీ గోడ. ఆ పెద్దాయన రొట్టె ముందు కళ్ళు మూసుకున్నాడు, తినబోయే ముందు మనం చేయాల్సిన పని కూడా అదే, అందుకే ఆ పటం బల్ల దగ్గర నప్పుతుంది.

కానీ నన్నడిగితే వాక్యమే. ఏ వాక్యం అన్నది అసలు విషయం, ఇక్కడే అందరూ తొందరపడతారు. యెహోవా నా కాపరి అందరిళ్ళల్లో ఉంది, చాలా మంచి వాక్యం, హాల్లో ఉండనివ్వండి. నేనును నా యింటివారును యెహోవాను సేవించెదము, అది సింహద్వారం దగ్గర వాక్యం, లోపలికి వచ్చేవాళ్ళకి చెప్పే మాట. క్రీస్తే ఈ ఇంటికి అధిపతి, ప్రతి భోజనంలో కనపడని అతిథి అని ఒక పాత పలక ఉంటుంది చూడండి, మాటలు ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటాయి, అది బైబిల్లో వాక్యం కాకపోయినా నాకు చాలా ఇష్టం. కానీ అది మూడు లైన్ల పలక. ఒక్క లైనులో కావాలంటే భోజనం గురించి బైబిల్లో కొదవే లేదు. కీర్తన 23లోనే నీవు నాకు భోజనము సిద్ధపరచుదువు అని ఉంది, కానీ దాని ముందు నా శత్రువులయెదుట అని ఉంది, ఫ్రేములు చేసేవాళ్ళు ఆ ముక్క కత్తిరించి వేస్తున్నారు. వాక్యాన్ని అలా కత్తిరించడం నాకు ఇష్టముండదు. పూర్తిగా వేస్తే భోజనానికి పిలిచిన చుట్టం తల మీద శత్రువులు అని కనపడుతుంది, అదీ బాగోదు. ఆ వాక్యం బెడ్‌రూములో, కష్టంలో ఉన్న రోజు చదువుకోవడానికి పెట్టుకోండి.

చిన్న పిల్లలున్న ఇంటికి కీర్తన 128:3. నీ భోజనపు బల్లచుట్టు నీ పిల్లలు ఒలీవ మొక్కలవలె నుందురు. ఆ ఆలివ్ కొమ్మ ఫ్రేములు కొంటున్నారు కదా, ఒలీవ అంటే ఆ ఆలివే. కొమ్మ ఒక్కటే పెట్టి వాక్యం వదిలేస్తే అది బట్టల షాపులో కూడా ఉండే కొమ్మే. పెద్దవాళ్ళు ఇద్దరే ఉండి, పిల్లలు దూరంగా ఉన్న ఇంటికి ప్రకటన 3:20. ఇదిగో నేను తలుపునొద్ద నుండి తట్టుచున్నాను, దీన్ని అందరూ తలుపు దాకానే గుర్తుపెట్టుకుంటారు, చివర ఏముందో చూడండి, అతనితో నేనును, నాతోకూడ అతడును భోజనము చేయుదుము. ఒంటరిగా అన్నం తినే మనిషికి ఎదురుగా ఆ మాట ఉంటే అది ధైర్యం.

అన్నిటికంటే నా మనసులో ఉన్నది సామెతలు 15:17. పగవాని యింట క్రొవ్విన యెద్దు మాంసము తినుటకంటె ప్రేమగల చోట ఆకుకూరల భోజనము తినుట మేలు. ఇది మన బల్ల మీద రోజూ జరిగేదే. తోటకూర పప్పేనా అని పిల్లలు మూతి ముడుచుకునేది ఆ బల్ల దగ్గరే, ఇంట్లో మగవాళ్ళు ఆఫీసు కోపం తెచ్చి కంచం ముందు పెట్టేదీ అక్కడే, అత్తాకోడళ్ళు మాట్లాడుకోకుండా వడ్డించుకునేదీ అక్కడే. వాటన్నిటికీ ఎదురుగా ఎవరినీ తిట్టకుండా నిలబడే వాక్యం అది. ప్రేమగల చోట ఆకుకూరల భోజనము, ఈ మాటలు ఎదురుగా కనపడుతుంటే గొంతు పెంచడం కష్టం. బ్లెస్డ్ అనే ఒక్క ఇంగ్లీషు మాట ఆ పని చేయలేదు, అదేమీ అడగదు మనల్ని. బొమ్మ లేకుండా, రంగు లేకుండా, తెల్లగోడ మీద నల్లటి తెలుగు అక్షరాలు, కింద చిన్నగా సామెతలు 15:17. అయిపోయింది.

ఖాళీ అంటే భయపడేవాళ్ళు ఒకసారి మెదక్ చర్చికి వెళ్ళి రండి. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించారు, పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, అంత పెద్ద హాల్లో మీ కళ్ళు పోయేది మూడు రంగు అద్దాల కిటికీల మీదకే, ప్రభువు జననం, సిలువ, ఆరోహణం. మిగతాదంతా గోడ, వెలుతురు. ఆ గుడి కూడా కరువు రోజుల్లో ఆకలితో ఉన్న మనుషులకి పనిచ్చి అన్నం పెట్టి కట్టించిందని అక్కడివాళ్ళు చెప్తారు. మూడు కిటికీలు అంత స్థలానికి చాలినప్పుడు మన పదడుగుల గోడకి ఒక్క వాక్యం చాలదా?

ఇక చేయించుకునే సంగతి, ఇక్కడ చాలామంది దెబ్బతింటున్నారు. ఆన్‌లైన్‌లో తెలుగు వాక్యం ఇచ్చి ఆర్డర్ చేస్తే డిజైన్ చేసేవాళ్ళకి తెలుగు రాకపోతే ఒత్తులు ఊడిపోతాయి. మాకు తెలిసినవాళ్ళకి క్రీస్తు అన్న చోట తకారం ఒత్తు విడిపోయి స్ తు అని ప్రింటయి వచ్చింది, ప్రభువు పేరే తప్పుగా. ప్రింటుకి ముందు ఫైలు పంపించమని అడగండి, ఇంట్లో ఇద్దరు కూర్చుని ఒక్కో అక్షరం బైబిల్‌తో సరిచూసుకోండి. మెటల్‌లో కానీ ఎమ్‌డీఎఫ్ చెక్కలో కానీ అక్షరాలు కోయించాలనుకుంటే ఇంకో ఇబ్బంది ఉంది. ప, స, హ లాంటి అక్షరాలకి తలకట్టు విడిగా ఉంటుంది, ఒత్తు కింద విడిగా ఉంటుంది, కోస్తే ముక్కలు ముక్కలుగా రాలిపోతాయి. వెనక ఒక పలక ఉండాలి, లేదా ప్రతి తలకట్టునీ ఒత్తునీ పక్క అక్షరానికి సన్నగా కలపాలి, అలా కలిపితే చాలాసార్లు అక్షరం అందం పోతుంది. అందుకే కాగితం మీద ప్రింటు తీయించి ఫ్రేము కట్టించుకోవడమే నయం. మండలి, రామభద్ర లాంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. మండలి సన్నగా ప్రశాంతంగా ఉంటుంది, పొడుగు వాక్యానికి అదే, రామభద్ర లావు, రెండు మూడు మాటలకే బాగుంటుంది. లైన్ల మధ్య జాగా ఎక్కువ వదలమనండి, మనకి పైన గుడులు కింద ఒత్తులు ఉంటాయి, ఇంగ్లీషు కొలతతో వేస్తే ఒకదాన్నొకటి తగులుకుంటాయి.

గాజు వద్దు, ట్యూబ్‌లైట్ పడి కూర్చున్నవాళ్ళకి అక్షరం కనపడదు, మెరుపు లేని అక్రిలిక్ వేయించండి. పోపు పొగ, నూనె జిడ్డు వచ్చి చేరేది అక్కడే కాబట్టి కాన్వాస్ మీద ప్రింటు అసలు వద్దు, తుడవడానికి రాదు. గోడకి అంటించే స్టిక్కర్లు మన కోస్తా ఉక్కకి అంచులు లేస్తాయి, తీస్తే పెయింటు కూడా వస్తుంది. టేబుల్ పొడవులో మూడింట రెండు వంతుల వెడల్పు ఉంటే నిండుగా ఉంటుంది, అయిదడుగుల టేబుల్‌కి మూడు, మూడున్నర అడుగులు. ఎత్తు మాత్రం హాల్లో కొట్టినట్టు పైకి కొట్టకండి. అక్కడ మనం కూర్చుని చూస్తాం, ఫ్రేము మధ్యభాగం నేల నుంచి 4.5, 5 అడుగుల మధ్య ఉండాలి. మేకు కొట్టేముందు ఒకళ్ళు కుర్చీలో కూర్చుని చూసి చెప్పండి.

బయట దేశాల్లో ఉన్న మా అన్నదమ్ముల పిల్లలకి కూడా ఇదే చెప్తున్నా. మా పిల్లలకి తెలుగు చదవడం రాదు, అందుకే ఇంగ్లీషుది పెట్టాం అంటున్నారు. రోజూ రాత్రి అన్నం తినేటప్పుడు ఎదురుగా ఒక్క తెలుగు లైను ఉంటే, అర్థం మీరు చెప్తుంటే, ఆ అక్షరాలు వాళ్ళకి వాటంతటవే వస్తాయి. మీ దగ్గరికి ఆర్నెల్లకి వచ్చే అమ్మానాన్నలు కూడా ఆ ఇంట్లో తాము చదవగలిగిన గోడ ఒకటి చూస్తారు.

సామెతల వాక్యానికి ప్రింటు ఫైలు మా అబ్బాయి తయారు చేస్తున్నాడు, రెండు సైజుల్లో, అక్షరాలన్నీ బైబిల్‌తో సరిచూశాక ఇక్కడే పెడతాను, కావాల్సినవాళ్ళు తీసుకుని మీ ఊళ్ళోనే ఫ్రేము కట్టించుకోండి. 128వ కీర్తనది కావాలంటే చెప్పండి, అదీ చేయిద్దాం.