చార్టులు చాలు, పిల్లలకు కెమెరా ఇవ్వండి

తెలంగాణ బడుల్లో ఏడాది మధ్యలో పెట్టే ఫార్మేటివ్ పరీక్షకు 20 మార్కులు. అందులో ప్రాజెక్టు పనికి 5. ఆ అయిదు మార్కులు ఎలా వస్తాయో బడి ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో అడిగితే చెప్తారు. గూగుల్లో వెతికి ప్రింట్ తీసి, కత్తిరించి అంటించి, స్కెచ్‌పెన్నుతో బోర్డరు గీస్తే ప్రాజెక్టు అయిపోయినట్టే. అంటించిన కాగితంలో ఏముందో పిల్లలూ చదవరు, టిక్కు పెట్టే టీచరూ చదవరు. ఈ తంతు ఆపేసి, పిల్లలే తీసిన మూడు నిమిషాల వీడియో అడగాలి.

ఊరి చెరువునే తీసుకోండి. చార్టు మీదైతే కాకతీయులు, రామప్ప, మిషన్ కాకతీయ అని నాలుగు ముక్కలు రాస్తే సరి. వీడియో కావాలంటే కట్ట ఎక్కాలి. చెరువు నీళ్లు పొలాలకు వదిలే నీరటిని పట్టుకుని, ‘తూము ఎప్పుడు తెరుస్తవు తాతా, నీళ్లు తక్కువున్నప్పుడు ముందు ఎవరి పొలానికి ఇడుస్తవు?’ అని అడగాలి. ఆయన చెప్తూ చెప్తూ పాత తగాదాల్లోకి పోతాడు. గాలి హోరుకు సగం మాటలు వినపడవు. అసలు చదువు ఆ తర్వాత మొదలవుతుంది. మత్తడి (అలుగు) దూకే షాట్ బ్రహ్మాండంగా వచ్చింది, ఉంచాలా? తూము సంగతి తీసేస్తే కాల్వలోకి నీళ్లెలా వచ్చాయో చూసేవాళ్లకు తెలుస్తుందా? అయిదుగురు పిల్లలు దీని మీద కొట్లాడుకుంటారు. కొట్లాడుకోనివ్వండి, పాఠం బుర్రకెక్కేది అప్పుడే.

ఫోన్లతో పిల్లలు ఇప్పటికే చెడిపోతున్నారు, మళ్లీ ఇదొకటా అంటారు. అందరి ఇళ్లలో మంచి ఫోను ఉండదన్నదీ నిజమే. గుంపుకు ఒక్క ఫోను చాలు, అది టీచరుదైనా సరే. ఎడిటింగ్ బడిలోనే చేయిస్తే ఇంట్లో అన్నయ్యలు చేసిపెట్టే బాధా తప్పుతుంది.

నాకు ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. 2022-23 నుంచి రాష్ట్రంలో సర్కారు బడులు ఇంగ్లిష్ మీడియం బాట పట్టాయి. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగు. పిల్లలేమో ఇంగ్లిష్ జవాబు బట్టీపట్టి రాస్తున్నారు, అదే సంగతి తెలుగులో చెప్పమంటే నీళ్లు నములుతున్నారు. నీరటితో మాట్లాడాలంటే బట్టీ పనికిరాదు. వీడియోలో పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగులోనే మాట్లాడాలి, ఆ యాసకు ఒక్క మార్కు కూడా కొయ్యకూడదు. ‘స్టాండర్డ్’ భాష కావాలని పట్టుబట్టే హెడ్మాస్టర్లు ముందు ఆ నీరటిని ఇంటర్వ్యూ చేసి చూపించాలి.