క్రేన్‌కు ఆకలి లేదు, తొందరా లేదు

ఓడరేవుల్లో ఎన్నో తరాలుగా ఒక పెద్ద లోపం ఉంది. అక్కడ మనుషులు పనిచేస్తున్నారు. మనిషికి ఆకలేస్తుంది, నడుము పట్టేస్తుంది, ఇంట్లో పెళ్లుందని సెలవడుగుతాడు. అన్నిటికన్నా ఘోరం, ధరలు పెరిగాయి కాబట్టి జీతం కూడా పెంచమంటాడు. క్రేన్‌లో ఈ దుర్గుణాలు ఒక్కటీ లేవు. అందుకే రేవుల్లోంచి మనుషుల్ని ఏరివేసే మహత్కార్యానికి నేను పూర్తిగా అనుకూలం.

ఈ యజ్ఞానికి 1956 ఏప్రిల్ 26న కొబ్బరికాయ కొట్టారు. ఐడియల్ ఎక్స్ అనే ఓడ సరుకు నింపిన 58 పెద్ద పెట్టెలు, అంటే కంటైనర్లు, ఎత్తుకుని అమెరికాలో న్యూవార్క్ నుంచి హ్యూస్టన్‌కు బయల్దేరింది. లారీల వ్యాపారి మాల్కం మెక్‌లీన్ బుర్రలో పుట్టిన ఆలోచన అది. చేతులతో ఎక్కిస్తే టన్నుకు 5 డాలర్ల 86 సెంట్లు అయ్యే ఖర్చు, పెట్టెలతో సుమారు 16 సెంట్లకు దిగొచ్చింది. మిగిలిన 5 డాలర్ల 70 సెంట్లలో ఎవరి కూలి ఎంత అని అడగడం మర్యాద కాదు.

కొందరు మర్యాద తెలియనివాళ్లు అడిగారు. అమెరికా పడమటి తీరంలో హ్యారీ బ్రిడ్జెస్ నడిపిన యూనియన్ యంత్రాలకు అడ్డుపడలేదు. తెచ్చుకోండి, మిగిలేదాంట్లో మా వాటా పక్కన పెట్టండి, అంది. 1960లో ఒప్పందం కుదిరింది. యజమానులు 2 కోట్ల 90 లక్షల డాలర్ల నిధికి ఒప్పుకున్నారు. ముందుగా రిటైరయ్యేవారికి డబ్బు, మిగిలినవారికి వేతన హామీ. యంత్రమూ వచ్చింది, మనిషీ అన్నం తిన్నాడు. ఇంత మోటు పద్ధతిని ప్రపంచం చాలాచోట్ల మర్చిపోవడం నాగరికత పెరిగిందనడానికి గుర్తు. (ఆ వాటా కూడా అప్పటికే పట్టీలో పేరున్నవాళ్లకే. వాళ్ల తర్వాత రాబోయి, రాకుండానే పోయిన ఉద్యోగాల తరఫున బేరమాడినవాళ్లు లేరు.)

1993లో రోటర్‌డ్యామ్‌లో డ్రైవరు లేని బండ్లు పెట్టెలు మోయడం మొదలుపెట్టాయి. ఇక వేగమే వేగం అనుకున్నారు. 2018లో మెకిన్సే అనే సలహాల సంస్థ ఇలా యంత్రాలకు అప్పగించిన రేవుల లెక్కలు చూసింది. ఖర్చు 25 నుంచి 55 శాతం తగ్గుతుందని, ఉత్పాదకత 10 నుంచి 35 శాతం పెరుగుతుందని రేవులవాళ్లు ఆశపడ్డారు. ఖర్చు 15 నుంచి 35 శాతం తగ్గింది. ఉత్పాదకతేమో 7 నుంచి 15 శాతం పడిపోయింది. అంటే కోట్లు పోసి కొన్న యంత్రం, తీసేసిన మనిషి కన్నా నెమ్మది! అల్పబుద్ధులు దీన్ని వైఫల్యం అంటారు. నిదానమే ప్రధానం అని పెద్దలన్న మాటను క్రేన్ ఒక్కటే మనసుకు ఎక్కించుకుందని నేనంటాను. ఇదే నిదానం డ్రైవరు చూపిస్తే మెమో ఇస్తారు. క్రేన్ చూపిస్తే ఇంకా సర్దుకుంటోంది అంటారు.

నెమ్మదికి కారణమూ ఉంది. గాలికి పెట్టె జానెడు పక్కకు ఊగితే, పాత డ్రైవరు ఆ ఊపు చూసి చేతి నేర్పుతో కూర్చోబెట్టేవాడు. యంత్రం అలా కాదు. ఆగిపోతుంది, స్క్రీన్ మీద ఎర్ర గుర్తు వెలిగిస్తుంది, ఎక్కడో ఏసీ గదిలో జాయ్‌స్టిక్ పట్టుకుని నాలుగైదు క్రేన్‌లను కనిపెట్టుకున్న మనిషికి కబురు పెడుతుంది. ఆయన వేరే క్రేన్ గొడవలో ఉంటే లైనులో నిలబడుతుంది. ఒక్క మేలు మాత్రం వెటకారం లేకుండా ఒప్పుకోవాలి: యార్డులో మనిషి లేకపోతే, బండి కింద పడే మనిషీ ఉండడు.

జీతం పుచ్చుకోని యంత్రం ఊళ్లో చెప్పులు కొనదు, బస్సెక్కదు, పిల్లల ఫీజు కట్టదు. ఊరు ఎంత ప్రశాంతంగా ఉంటుందో!

ఇక అసలు సుగుణానికి వద్దాం. యంత్రం సమ్మె చేయదు. 2024 అక్టోబరు 1న అమెరికా తూర్పు తీరంలోను, దక్షిణాన మెక్సికో గల్ఫ్ తీరంలోను సుమారు 45 వేల మంది రేవు కార్మికులు పని ఆపేశారు. మూడు రోజుల్లో యజమానులు ఆరేళ్లలో 62 శాతం జీతం పెంచడానికి తలూపారు. ఆటోమేషన్ సంగతి తేలడానికి మరుసటి జనవరి దాకా పట్టింది. ఈ బ్లాక్‌మెయిల్ యంత్రాల రాజ్యంలో ఉండదు కదా అని పెట్టుబడిదారులు నిట్టూర్చి ఉంటారు.

జపాన్‌లోని నగోయా రేవు ముచ్చట వాళ్లు విన్నారో లేదో. 2023 జులైలో అక్కడ కంటైనర్ల లెక్కలు చూసే కంప్యూటర్ వ్యవస్థలోకి హ్యాకర్లు దూరారు. రేవులో ప్రింటరు తనంతట తాను ఒక కాగితం బయటికి తోసింది. చూస్తే డబ్బు కట్టమని బెదిరింపు! సుమారు రెండున్నర రోజులు కంటైనర్ల పని ఆగిపోయింది. జెండా లేదు, నినాదం లేదు, చర్చలకు రమ్మని పిలవడానికి నాయకుడు లేడు. 62 శాతంతో సరిపెట్టుకునే మనుషులు కారు ఆ హ్యాకర్లు.

న్యూజిలాండ్‌లో ఆక్లాండ్ రేవు కొన్నేళ్లు తంటాలు పడి, 2022లో ఆటోమేషన్ ప్రాజెక్టునే వదిలేసింది. 6 కోట్ల 50 లక్షల న్యూజిలాండ్ డాలర్లు నష్టం కింద రాసేసి, మళ్లీ మనుషులనే డ్రైవరు సీట్లో కూర్చోబెట్టింది. పిరికివాళ్లు. ఇంకొంచెం నష్టపోయి ఉంటే ప్రగతి దానంతటదే వచ్చేది.

నాకు మిగిలిన బెంగ ఒక్కటే. ఓడ మీద పెట్టెల్ని బిగించే లాషింగ్ కడ్డీలు విప్పడం అత్యాధునిక రేవుల్లోనూ చేతిపనే. వానలో, తడి డెక్ మీద, పెట్టెల వరసల మధ్య మనిషి పట్టేంత సందులో ఒకతను నిలబడి, తన ఎత్తుకు రెండింతలుండే ఇనుప కడ్డీని భుజానికి ఆనించుకుని పైనున్న కొక్కెం నుంచి తప్పిస్తుంటాడు. పక్కనే కోట్ల డాలర్ల క్రేన్ ఖాళీగా నిలబడి ఉంటుంది. అతను చెయ్యి తుడుచుకుని, హెల్మెట్ సర్దుకుని, ఇక ఎత్తుకోమని సైగ చేయాలి. అతనికేమో ఈ పూట నడుము పట్టేసింది.