స్పీడు ఎవరి రక్తంలోనూ ఉండదు

మూడు రోజులుగా మా అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఆఫీసు గ్రూపులో, చివరికి చుట్టాల గ్రూపులో కూడా ఒకటే మెసేజ్ తిరుగుతోంది. స్పీడు పుట్టుకతో వచ్చే గుణమట, ధైర్యం ఉన్నవాడే అలా వెళ్తాడట, చెయ్యి తిరిగినవాడికి ప్రమాదం జరగదట, కెమెరాలూ చలాన్లూ డబ్బు గుంజడానికేనట. దానికి లైక్ కొట్టినవాళ్లలో చిన్నపిల్లల తండ్రులున్నారు, అందుకే రాస్తున్నా.

పుట్టుకతో వచ్చే గుణం అన్నదాంట్లో కొంచెం నిజం ఉంది, కాదనను. థ్రిల్ వెతుక్కునే స్వభావం కొందరిలో ఎక్కువని అమెరికన్ సైకాలజిస్టు మార్విన్ జుకర్‌మన్ 1960ల నుంచే కొలుస్తూ వచ్చాడు, అలాంటివాళ్లు సగటున స్పీడుగా నడుపుతారని తర్వాత చాలా పరిశోధనల్లో తేలింది. కానీ ఆ స్వభావం ఇరవై ఏళ్ల అటూఇటూ బాగా ఎక్కువగా ఉండి, వయసుతో తగ్గుతుంది. పైగా అదొక్కటే కాదు, "పదో ఇరవయ్యో ఎక్కువైతే ఏమవుతుందిలే" అన్న నమ్మకం, పక్కన ఎవరున్నారు, ఆఫీసుకు ఎంత లేటైంది, ముందు బండివాడి మీద ఎంత కోపం వచ్చింది, ఇవన్నీ కలిసే యాక్సిలరేటర్ తొక్కిస్తాయి. మా తమ్ముడు ఒక్కడే ఉంటే హైదరాబాద్‌లో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద బోర్డు వైపే చూడడు. అమ్మ వెనక సీట్లో ఉంటే మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా లిమిట్ దాటడు. రక్తం అదే కదా, మరి అమ్మ ఎక్కగానే ఏం మారింది?

ఇంతా చేసి మిగిలేదేంటి? ఆ 11.6 కిలోమీటర్లు 60లో వెళ్తే 12 నిమిషాల లోపే, 80లో వెళ్తే దాదాపు 9. మూడు నిమిషాలు.

ధైర్యం అంటారా, ధైర్యమంటే తన ప్రాణం తను పణంగా పెట్టడం. 2019 నవంబరులో బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మొదలై నెల తిరక్కముందే, 40 దాటకూడని చోట దాదాపు వందలో వచ్చిన కారు కిందపడితే, చనిపోయింది కింద రోడ్డు మీదున్న ఆడమనిషి.

ఇక చెయ్యి తిరగడం. 1981లో స్వెన్‌సన్ అనే స్వీడన్ పరిశోధకుడు అడిగితే, అమెరికన్ డ్రైవర్లలో 93 శాతం మంది తాము సగటు కంటే బాగా నడుపుతామన్నారు. అందరూ సగటు కంటే పైన ఎలా ఉంటారు? అసలు ఎంత నేర్పరికైనా కన్ను చూసి కాలు బ్రేక్ మీదికి వెళ్లడానికి సెకను, సెకనున్నర పడుతుంది. 60లో వస్తున్న బండి పొడి రోడ్డు మీద 45 మీటర్లలో ఆగిందనుకోండి, 80లో వస్తున్న బండి అదే చోటికి వచ్చేసరికి, బ్రేక్ తొక్కి పట్టుకున్నా, ఇంకా 60 పైనే ఉంటుంది. ఆ చోట స్కూలు బ్యాగుతో ఒక పిల్ల ఉంటే ఏ నేర్పు అడ్డుపడుతుంది?

2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది పోయారు, అందులో నూటికి 70కి పైగా అతివేగం లెక్కలోనివే. వాళ్లంతా నేర్పు లేనివాళ్ల బండ్ల కిందే పడ్డారా?

కెమెరాల సంగతి. ఔటర్ రింగ్ రోడ్డు మీద కెమెరా కనబడగానే అందరూ తగ్గిస్తారు, దాటగానే మళ్లీ తొక్కుతారు, నేనూ రోజూ చూస్తున్నా. మారరు అనడానికి దీన్నే సాక్ష్యం చూపిస్తున్నారు, కానీ తగ్గించగలరు అనడానికీ ఇదే సాక్ష్యం. లోపం కెమెరా ఒక్కచోటే చూడటంలో ఉంది. ఔటర్ ఎక్కిన టైమూ దిగిన టైమూ టోల్ దగ్గర ఎలాగూ తెలుస్తాయి, వాటితో సగటు వేగం లెక్కగట్టి చలాన్ వేయాలి. బ్రిటన్, ఇటలీలో రెండు కెమెరాల మధ్య ఇలాగే లెక్కగడుతున్నారు, మన దగ్గరా అదే అడగాలి.